అప్పు ఖైదు – అనారోగ్యము – విడుదల

"అప్పు చేసి పప్పుకూడు" అనే సామెతలో అప్పు చేసినవాని పట్ల కొంత పరిహాసం ఉన్నది. విలాసానికై అప్పు చేసి, తిని కూర్చున్నవానిని గూర్చి పెద్దలు ఆ మాట అన్నారు. కాని మన ముదిగుబ్బ చుట్టుపట్ల పల్లెలలో అప్పు పుట్టేది పప్పుకూటికి కాదు, విత్తనపు కాయలకు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ పీఠభూమిలో, ఎర్రనేలలో వేరుశనగ విత్తి మబ్బు కోసం ఎదురుచూసే రైతుకు అప్పు వ్యవసాయంలో ఒక భాగమే గాని దురలవాటు కాదు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ముదిగుబ్బ అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినది. జిల్లా పేరు మారినది గాని వాన తీరు మారలేదు.

అప్పు తీర్చలేనివానిని జైలులో పెట్టవచ్చునా? పెట్టిన తరువాత అతడు జబ్బుపడితే ఏమగును? ఈ రెండు ప్రశ్నలకు మన సివిల్ ప్రొసీజరు కోడు స్పష్టమైన సమాధానాలు చెప్పుచున్నది. ఆ సమాధానాలు వకీళ్లకు తెలుసును. షావుకార్లకు కొంత తెలుసును. తెలియవలసిన వారికి మాత్రం తెలియవు. మన కళాశాలలో చదివే విద్యార్థులలో పలువురు అప్పు ఉన్న ఇండ్ల నుండి వచ్చినవారే. కోర్టు కాగితం ఇంటికి వచ్చిన రోజున దానిని చదివి పెద్దలకు చెప్పవలసిన బాధ్యత వారి మీదనే పడుతుంది. అందుచేత ఈ విషయమును వీలైనంత సులభంగా వివరించుటకు పూనుకొంటున్నాము.

బందీఖానాలో బాకీదారు

తెలుగువారికి బాగా తెలిసిన అప్పు ఖైదీ ఎవరని అడిగితే, కంచెర్ల గోపన్న పేరే చెప్పవలసి ఉంటుంది. పాల్వంచ పరగణా తహశీల్దారుగా వసూలు చేసిన పన్ను సొమ్మును భద్రాచలంలో రామాలయ నిర్మాణానికి వెచ్చించి, ఖజానాకు జమకట్టలేక, 1672 నుండి 1687 వరకు గోలకొండను ఏలిన అబుల్ హసన్ తానీషా ప్రభుత్వంలో ఖైదు అనుభవించిన భక్త రామదాసు ఆయనే. పన్నెండేండ్లు బందీఖానాలో ఉన్నాడనీ, చివరకు రామలక్ష్మణులే బంటుల రూపంలో వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించి రసీదు పుచ్చుకొన్నారనీ ఐతిహ్యం. ఈ కథలో భక్తిని పక్కన పెట్టి చూస్తే ఒక చేదు నిజం కనిపిస్తుంది. దేవుడే దిగివచ్చినా సొమ్ము కట్టవలసి వచ్చినది. ఖైదీ శరీరం ఎంత చిక్కినా, ఎంత మొరపెట్టుకొన్నా, తలుపు తెరిపించినది మాత్రం రసీదే.

ఆ కాలంలో ఇది గోలకొండకే పరిమితమైన పద్ధతి కాదు. 1777లో జాన్ హొవర్డు అనే సంస్కర్త ఇంగ్లండు, వేల్సు దేశాల జైళ్లను స్వయంగా తిరిగి చూచి ఒక గ్రంథం ప్రచురించినాడు. ఆయన లెక్కలో ఉన్న 4,084 మంది ఖైదీలలో 2,437 మంది కేవలం బాకీదారులు. దొంగలకన్న, హంతకులకన్న అప్పులు పడినవారే అధికం. గాలి వెలుతురు లేని ఆ గదులలో జైలు జ్వరం అనే అంటువ్యాధి ప్రబలి, ఉరికంబం కన్న ఎక్కువమందిని పొట్టన పెట్టుకొన్నదని ఆయన వ్రాసినాడు. ఆంగ్ల సాహిత్యం చదివే మన విద్యార్థులకు చార్లెసు డికెన్సు సుపరిచితుడు. 1824లో ఆయన తండ్రి అప్పు తీర్చలేక లండనులోని మార్షల్సీ జైలు పాలైనప్పుడు, పన్నెండేండ్ల డికెన్సు బూట్ల పాలిషు కర్మాగారంలో కూలికి కుదిరినాడు. 1869 నాటి చట్టంతో ఇంగ్లండు అప్పు ఖైదును చాలవరకు రద్దు చేసి, చెల్లించే శక్తి ఉండి కూడా చెల్లించని వారికీ, నమ్మి అప్పగించిన సొమ్మును కాజేసిన వారికీ, మరికొన్ని మినహాయింపులకు మాత్రమే దానిని మిగిల్చినది.

మన సీమ చరిత్రలో జైలుకన్న ముందు ఎండ ఉండేది. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన తరువాత, శిస్తు బకాయిపడిన రైతును వసూలుదారులు పట్టుకొని ఎండలో నిలబెట్టుట, భోజనానికి పోనీయకుండుట, నడుము వంచి కట్టివేయుట మద్రాసు రాజధానిలో మామూలైపోయినవి. ఈ ఆగడాలపై విచారణ జరిపిన సంఘం 1855లో తన నివేదికను సమర్పించి, శిస్తు వసూలులో చిత్రహింస నిజమేనని ఒప్పుకొన్నది. 1876లో, అనగా ధాత నామ సంవత్సరంలో మొదలైన మహాకరువును మన ముసలివారు తరతరాలుగా ధాత కరువని చెప్పుకొంటూ వచ్చినారు. 1882లో బళ్లారి నుండి విడదీయగా ఏర్పడిన అనంతపురం జిల్లా ఆ కరువు మిగిల్చిన ఎముకల మీద పుట్టినదే అనవచ్చును. బాకీదారు శరీరాన్ని బాధించి సొమ్ము రాబట్టవచ్చుననే నమ్మకం ఎంత పాతదో, ఆ శరీరాన్ని కాపాడవలెననే ఆలోచన ఎంత ఆలస్యంగా వచ్చినదో గ్రహించుటకే ఈ చరిత్ర చెప్పినాము.

హిదాయాలో రోగి ఖైదీ

అయితే ఆ ఆలోచన పూర్వం ఎక్కడా లేదనుట కూడ సరికాదు. హిజ్రీ ఆరవ శతాబ్దిలో మధ్య ఆసియాకు చెందిన బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన "హిదాయా" హనఫీ న్యాయశాస్త్రానికి ప్రామాణిక గ్రంథము. క్రీ.శ. 1197లో ఆయన మరణించినాడు. ఈ గ్రంథానికి చార్లెసు హామిల్టన్ చేసిన ఆంగ్లానువాదం 1791లో ప్రచురింపబడి, కంపెనీ న్యాయస్థానాలలో వాడుకకు వచ్చినది. బాకీదారు ఖైదు గురించి అందులో వివరంగా చర్చ ఉన్నది. బాకీదారు వద్ద ఆస్తి దాగి ఉన్నదనే అనుమానంతో ఖాజీ అతనిని రెండు మూడు నెలలు నిర్బంధించి విచారించవచ్చును. ఆస్తి లేదని తేలితే విడిచిపెట్టవలెను. ఖైదులో ఉండగా అతడు రోగగ్రస్తుడైతే, సేవ చేసే మనిషి దగ్గర ఉన్న పక్షంలో అక్కడే ఉంచవచ్చును. సేవ చేసేవారెవరూ లేకపోతే ప్రాణాపాయం కలుగకుండా విడుదల చేయవలెను.

ఇంకొక విశేషమేమనగా, విడుదలైన బాకీదారు వెంట ఋణదాత తిరుగుతూ తన సొమ్ము అడుగవచ్చునని, కాని అతని పనిపాటలకు, ప్రయాణాలకు అడ్డు తగులరాదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. అనగా శరీరానికి విడుదల వేరు, అప్పుకు విడుదల వేరు. ఎనిమిది శతాబ్దాల నాటి ఈ తేడాయే నేటి మన చట్టానికీ మూలసూత్రంగా ఉన్నది. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వీలు కలిగేవరకు గడువు ఇవ్వవలెనని ఖురాను రెండవ అధ్యాయం 280వ వాక్యంలో ఉన్న ఆదేశము కూడ ఇక్కడ స్మరింపదగినది.

ఎవరిని జైలులో పెట్టవచ్చును?

ఇక నేటి చట్టానికి వద్దాము. ఋణదాత ప్రోనోటు మీద దావా వేసి గెలిచినచో కోర్టు డిక్రీ ఇచ్చును. డిక్రీ పొందినవాడు డిక్రీదారు. దాని ప్రకారం సొమ్ము కట్టవలసినవాడు బాకీదారు. కట్టకపోతే డిక్రీదారు అమలు దరఖాస్తు పెట్టుకొనును. ఆస్తి జప్తు, వేలము మామూలు మార్గాలు. సివిల్ జైలు మరియొక మార్గము. ఇది నేరానికి వేసే శిక్ష కాదు. సొమ్ము రాబట్టుటకు చేసే ఒత్తిడి మాత్రమే. కనుకనే ఖైదీ తిండి ఖర్చు డిక్రీదారే భరించవలెను. ఆ భత్యం కట్టుట మానివేస్తే ఖైదీని విడుదల చేయవలసినదే.

1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు మొదట చాల కఠినంగా ఉండేది. యాభై రూపాయలు మించిన డిక్రీకి ఆరు నెలల వరకు ఖైదు విధించే వీలుండేది. 1936లో చేసిన సవరణ ఒక పెద్ద మలుపు. ఆనాటి నుండి 51వ సెక్షను క్రింద, బాకీదారుకు తన సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇచ్చి, కారణాలు వ్రాతపూర్వకంగా నమోదు చేసిన తరువాతనే జైలుకు పంపవలెను. ఆ కారణాలు మూడు రకాలు. బాకీదారు పారిపోయే ప్రయత్నంలో ఉండుట, లేదా దురుద్దేశంతో ఆస్తిని దాచుట, ఇతరులకు మార్చుట మొదటిది. చెల్లించే శక్తి ఉండి కూడా నిరాకరించుట, నిర్లక్ష్యం చేయుట రెండవది. నమ్మి అప్పగించిన సొమ్ముకు లెక్క చెప్పవలసినవాడై ఉండుట మూడవది. నేటి కొలబద్దతో చూస్తే గోపన్న వ్యవహారం ఈ మూడవ తరగతిలోకి వచ్చును. వాన రాక పంట పోగొట్టుకొన్న రైతు వ్యవహారం ఈ మూటిలో దేనిలోకీ రాదు.

ఈ భావాన్ని సుప్రీంకోర్టు 1980 ఫిబ్రవరిలో జాలీ జార్జి వర్గీసు వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో స్థిరపరచినది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ వి.ఆర్. కృష్ణ అయ్యరు. కేవలం ఒప్పందపు బాధ్యతను నెరవేర్చలేని కారణంగా ఎవరినీ ఖైదు చేయరాదని పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక పదకొండవ అధికరణం చెప్పుచున్నది. ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించిన ఆ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరినది. దానినీ, మన రాజ్యాంగం 21వ అధికరణాన్నీ కలిపి చదివి, ఒకప్పుడు శక్తి ఉండెనన్న మాటతోనో, ఊరకే చెల్లించలేదన్న మాటతోనో బాకీదారును జైలుకు పంపుట తగదని, అతనిలో దురుద్దేశం ఉన్నదని తేలవలెనని ఆ తీర్పు సారాంశము. పేదరికమే నేరమన్న భావానికి న్యాయస్థానం ఆ విధంగా తలుపు మూసినది.

మరికొన్ని రక్షణలు కూడ తెలిసికొనదగినవి. సొమ్ము డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయుటకు, ఖైదులో ఉంచుటకు వీలులేదు. సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు అరెస్టు కొరకు నివాసగృహంలో ప్రవేశింపరాదు. 2002 జూలై నుండి అమలులో ఉన్న సవరణ ప్రకారం రెండు వేల రూపాయలు మించని డిక్రీకి ఖైదే లేదు. రెండు వేలు మించి ఐదు వేల వరకు ఆరు వారాలు, ఐదు వేలు మించితే మూడు నెలలు గరిష్ఠ పరిమితి. సేద్యగాని పనిముట్లు, పశువులు, విత్తనపు గింజలు, పనివాని ఉపకరణాలు జప్తు నుండి మినహాయింపబడినవి. ధర్మవరం నేతగానికి మగ్గం అటువంటిదే.

యాభైతొమ్మిదవ సెక్షను

ఇంత జల్లెడ పట్టిన తరువాత కూడ ఒక బాకీదారు మీద వారంటు పుట్టినదనుకొందాము. అతడు తీవ్రమైన జబ్బుతో ఉన్నాడనుకొందాము. అప్పుడు అక్కరకు వచ్చేది కోడులోని 59వ సెక్షను. అది మూడు మెట్ల మీద మూడు విధాల ఊరట కల్పించుచున్నది.

మొదటి మెట్టు వారంటు. వారంటు జారీ అయిన తరువాత, అమీనా ఇంకా చేయి వేయకముందే, తీవ్రమైన అనారోగ్యం కారణంగా కోర్టు దానిని రద్దు చేయవచ్చును. రెండవ మెట్టు అరెస్టు. పట్టి తెచ్చిన మనిషిని చూచి, సివిల్ జైలులో ఉంచదగిన ఆరోగ్యస్థితి ఇతనికి లేదని కోర్టుకు తోచినచో అక్కడికక్కడే విడిచిపెట్టవచ్చును. మూడవ మెట్టు జైలు. లోపలికి పంపిన తరువాత తీవ్రమైన వ్యాధి సోకితే, పంపిన కోర్టు గాని, దానికి పై కోర్టు గాని విడుదల చేయవచ్చును. అంటువ్యాధి ఉన్నదన్న కారణం మీదనైతే రాష్ట్ర ప్రభుత్వమే విడుదల చేయవచ్చును. హొవర్డు వర్ణించిన జైలు జ్వరాన్ని తలచుకొంటే, ఈ చివరి నియమంలోని వివేకం బోధపడుతుంది. అంటురోగం ఒక ఖైదీ సమస్య కాదు, జైలు మొత్తపు సమస్య. కాబట్టి ఆ అధికారం ప్రభుత్వం చేతిలో ఉంచబడినది.

ఏ జబ్బు తీవ్రమైనది? చట్టంలో పట్టిక ఏదీ లేదు. క్షయయా, గుండెజబ్బా, మూత్రపిండాల వ్యాధియా అని సెక్షను అడుగదు. ఈ మనిషి ఈ స్థితిలో ఖైదుకు తట్టుకొనగలడా అని న్యాయాధిపతిని ఆలోచించమంటుంది. కనుక వైద్యుని పత్రమే ఇందులో ప్రధాన సాక్ష్యము. "ఆరోగ్యం బాగాలేదు" అని ఒక్క వాక్యం వ్రాసిన చీటీ వల్ల ప్రయోజనం తక్కువ. వ్యాధి పేరు, ఎంతకాలంగా ఉన్నది, ఏ చికిత్స జరుగుచున్నది, నిర్బంధం వల్ల కలిగే హాని యేమి అను వివరాలు ఉన్న పత్రానికి విలువ ఎక్కువ. ఇంకొక మాట గుర్తుంచుకొనవలెను. సెక్షనులో ఉన్నది "విడుదల చేయవచ్చును" అన్న మాటయే గాని "చేసి తీరవలెను" అన్న మాట కాదు. అడుగనివానికి దొరకకపోవచ్చును, ఆధారం లేక అడిగినవానికీ దొరకకపోవచ్చును.

విడుదల అయినది ఏది, కానిది ఏది?

ఇక్కడ పలువురు పొరపడుట కలదు. జబ్బు కారణంగా విడుదలైతే అప్పు కొట్టివేసినట్లేనని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. అప్పు అలాగే ఉండును. డిక్రీ అలాగే ఉండును. డిక్రీదారు ఆస్తి మీదకు వెళ్లే హక్కు అలాగే ఉండును.

అంతేకాదు. పూర్తి కాలం ఖైదు అనుభవించి బయటకు వచ్చినవానిని అదే డిక్రీ మీద మరల అరెస్టు చేయరాదని 58వ సెక్షను చెప్పుచున్నది. కాని జబ్బు కారణంగా 59వ సెక్షను క్రింద విడుదలైనవానిని మరల అరెస్టు చేయవచ్చును. మొత్తం ఖైదు కాలం మాత్రం నిర్ణీత పరిమితిని మించరాదు. ఉదాహరణకు మూడు నెలల ఖైదులో నలభై రోజులు గడచిన తరువాత జబ్బుతో విడుదలైన మనిషిని, కోలుకొన్న పిదప మిగిలిన సుమారు యాభై రోజులకు మాత్రమే తిరిగి పంపవచ్చును. ఆ సెక్షను ఇచ్చేది విముక్తి కాదు, విరామము. అయినను జబ్బు మనిషికి ఆ విరామమే ప్రాణం కావచ్చును.

దీనిని వెట్టిచాకిరీ రద్దు చట్టంతో పోల్చి చూడవలెను. అప్పుకు బదులుగా మనిషినే షావుకారు ఇంట జీతానికి కట్టివేసే ఆచారాన్ని 1976 నాటి ఆ చట్టం రద్దు చేసినప్పుడు, మనిషిని విడిపించుటతో పాటు ఆ అప్పును కూడ మాపివేసినది. ఆ అప్పు పుట్టుకలోనే అన్యాయం ఉన్నదని చట్టం తలచినది. సివిల్ డిక్రీ అట్టిది కాదు. ఋణదాత కూడ ఒక్కొక్కసారి పేదయే. భర్త పోయిన స్త్రీ తన బంగారం అమ్మి పొరుగువానికి అప్పిచ్చి ఉండవచ్చును. ఆమె సొమ్మును చట్టం గాలికి వదలలేదు. శరీరాన్ని విడిచిపెట్టి హక్కును నిలిపి ఉంచుట ఇద్దరికీ న్యాయం చేసే ప్రయత్నమని మేము భావిస్తున్నాము.

రోగమా, లేమియా?

ఇంతవరకు చట్టం చెప్పిన మాటలు వివరించినాము. ఇక మా అభిప్రాయం చెప్పవలసి ఉన్నది. 59వ సెక్షనులో దయ ఉన్నది, కాదనలేము. కాని ఆ దయ రోగిని చూచిన కంటితో పేదను చూడలేదు. జ్వరపడినవానికి తెరచుకొన్న తలుపు, చేతిలో పైసా లేనివానికి 1936 వరకు సరిగా తెరచుకొనలేదు. శరీరం కూలిపోయే వరకు ఆగి, కూలిన తరువాత జాలిపడుట ఒక పద్ధతి. ఇతనికి అసలు చెల్లించే శక్తి ఉన్నదా అని ముందే విచారించుట మరియొక పద్ధతి. రెండవదే న్యాయమని 1980 నాటి తీర్పు చెప్పకనే చెప్పినది. 51వ సెక్షనును నిజాయితీతో పాటించిన కోర్టులో 59వ సెక్షను అవసరం చాల అరుదుగా రావలెను.

మన ప్రాంతంలో ఈ రెంటినీ విడదీయుట మరింత కష్టము. ఇక్కడ జబ్బే అప్పును తెచ్చిపెడుతుంది. అప్పే జబ్బును ముదురబెడుతుంది. ఆసుపత్రి ఖర్చుకు ప్రోనోటు వ్రాసి ఇచ్చినవాడు ఆ ప్రోనోటు డిక్రీగా మారేనాటికి మందు మాని ఉంటాడు. అతనిని కోర్టు ముందు నిలబెట్టి, నీవు రోగివా, పేదవా అని అడిగితే ఏమి చెప్పగలడు? రెండూ అతడే. కాబట్టి వైద్యుని పత్రం ఒక చేతిలో ఉంటే, రెండవ చేతిలో పంట పోయిన లెక్క కూడ ఉండవలెనని మేము కోరుతున్నాము. మొదటిది అతనికి కొన్ని వారాల ఊరట ఇచ్చును; రెండవది ఖైదు నుండే తప్పించవచ్చును.

శాసనసభలు కూడ ఈ సంగతిని అప్పుడప్పుడు గుర్తించినవి. 1938లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం తెచ్చిన వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం పాత అప్పుల మీద పేరుకొన్న వడ్డీని కొట్టివేసినది. 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఋణగ్రస్తుల చట్టం వ్యవసాయ కూలీలకు, గ్రామీణ చేతిపనివారికి, చిన్న రైతులకు ఊరట ఇచ్చినది. ఇవి అప్పు మీదనే చేయి వేసిన చట్టాలు. కాని ఇట్టి చట్టాలు ఎప్పుడో ఒకసారి వచ్చును. కోడు మాత్రం ప్రతి దినమూ ఉండును.

విద్యార్థులకు ఒక మాట

కోర్టు నుండి మీ ఇంటికి నోటీసు వచ్చినదనుకొనండి. నిన్ను ఎందుకు జైలుకు పంపరాదో ఫలానా తేదీన వచ్చి చెప్పుకొమ్మని అందులో ఉండును. మన పల్లెలలో సాధారణంగా జరిగేది ఏమనగా, ఆ కాగితాన్ని చూరులో దోపి, వాయిదా నాడు ఇంటి పెద్ద ఊరు విడిచి చుట్టాల ఇంటికి పోవుట. ఇంతకన్న పెద్ద పొరపాటు లేదు. హాజరుకాకపోతే డిక్రీదారు కోరిక మీద వారంటు పుట్టును. పారిపోయినాడన్న మాట 51వ సెక్షనులోని మొదటి కారణానికి బలం చేకూర్చును. నోటీసు బెదిరింపు కాదు, అవకాశము. తన లేమిని, తన జబ్బును న్యాయాధిపతికి చెప్పుకొనుటకు చట్టం పిలిచి ఇచ్చిన అవకాశము.

వకీలుకు ఫీజు లేదని వెనుదీయవలసిన పని కూడ లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం క్రింద ఉచిత న్యాయ సహాయం పొందదగిన వారిలో స్త్రీలు, షెడ్యూల్డు కులాల, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు, నిర్ణీత ఆదాయానికి లోబడినవారు ఉన్నారు. వరద, భూకంపం వంటి విపత్తుల బాధితులతో పాటు కరువు బాధితులను కూడ ఆ చట్టం పేరెత్తి చెప్పినది. ఆ ఒక్క మాట మన ప్రాంతం కొరకే వ్రాసినట్లున్నది. కదిరిలోనో, ధర్మవరంలోనో ఉన్న కోర్టుకు పోయి న్యాయ సేవల సంఘం ఎక్కడని అడుగుటకు ధైర్యం చాలును, ధనం అక్కరలేదు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. ఇంతవరకు చెప్పినదంతా సివిల్ డిక్రీకి సంబంధించినది. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి అప్పు తెచ్చుకొన్నవాని సంగతి వేరు. చెక్కు చెల్లకపోతే 1989 నుండి అది క్రిమినల్ వ్యవహారమగును. రెండేండ్ల వరకు శిక్ష పడవచ్చును. 59వ సెక్షను అక్కడ పనికిరాదు. కాబట్టి ఖాళీ చెక్కు మీద, ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేయవద్దని ఇంటిలో పెద్దలకు చెప్పుట చదువుకొన్న బిడ్డల విధి. అలాగే, మనిషిని నిర్బంధించే అధికారం కోర్టుకు తప్ప ఏ ఋణదాతకూ, ఏ వసూలు మనిషికీ లేదు. అప్పున్నవానిని ఇంట్లోనో దుకాణంలోనో కూర్చోబెట్టి కదలనీయకుండుట నేరము.

తానీషా కాలంలో బందీఖానా తలుపు తెరచుటకు దేవుడు రావలసి వచ్చినదని కథ. నేడు ఒక నోటీసును సకాలంలో చదివి, ఒక వైద్యపత్రాన్ని సరిగా వ్రాయించి, వాయిదా నాటికి కోర్టు మెట్లు ఎక్కించగల మనిషి చాలును. ఆ మనిషి మన కళాశాల విద్యార్థి కాగలిగితే ఇక్కడ నేర్పిన అక్షరాలకు అంతకన్న సార్థకత వేరొకటి ఉండబోదు. ఈ విషయమై కళాశాలలో ఏడాదికి ఒక్కసారియైనా న్యాయవాదుల చేత ప్రసంగం ఏర్పాటు చేయించవలసినదిగా కార్యవర్గం వారిని సవినయంగా కోరుతున్నాము.